నెట్‌లో పెట్టిన బొమ్మపై మీ మాట చెల్లాలంటే: చిత్రకారులకు, ఫోటోగ్రాఫర్లకు ఒక మార్గదర్శిని

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఒక చిత్రకారిణి ముగ్గు, గొబ్బెమ్మలు, గంగిరెద్దు ఉన్న బొమ్మను తన పేజీలో పెట్టారనుకుందాం. భోగి నాటికి ఆ బొమ్మ రకరకాల రూపాల్లో తిరుగుతుంటుంది. ఒకరు దాన్ని ఉన్నదున్నట్టు స్టేటస్‌గా పెట్టుకుంటారు. మరొకరు సంతకం ఉన్న కింది భాగాన్ని కత్తిరించేసి, ఆ చోట తమ దుకాణం పేరు వేసుకుంటారు. ఇంకొకరు ఆకాశానికి తమ పార్టీ రంగు పూసి, మూలన వార్డు నాయకుడి ఫోటో అతికించి, నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ కట్టిస్తారు. వీటన్నిటినీ కలిపి ‘నా బొమ్మ కాపీ కొట్టారు’ అని ఒక్క మాటలో ఫిర్యాదు చేస్తే పని జరగడం కష్టం. నకలు తీయడం, మార్చడం, వేసినవారి పేరు తీసేయడం అనే మూడూ చట్టరీత్యా వేర్వేరు విషయాలు. వేటికి ఒప్పుకుంటారో, వేటికి ఒప్పుకోరో చిత్రకారులు ముందుగానే విడివిడిగా తేల్చుకుని రాతలో పెట్టుకుంటే, ఆ తరువాత చేయవలసిన పని సగం తగ్గుతుంది. భారతదేశపు చట్టాన్ని ఆధారం చేసుకుని, ముఖ్యంగా బొమ్మలు, ఫోటోలు, డిజైన్లు ఆన్‌లైన్‌లో పెట్టేవారి కోసం ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ఏమీ చేయకపోయినా మీకు ఉన్న హక్కులు

కాపీరైటు చట్టం 1957 ప్రకారం బొమ్మ వేసిన క్షణం నుంచే దానిపై హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ హక్కు వేసినవారి జీవితకాలంతో పాటు మరణానంతరం మరో 60 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ తరువాత ఫోటోలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. నకళ్లు తీసే హక్కు, ప్రజలకు అందించే హక్కు, సినిమాలో చేర్చే హక్కు, మార్పులు చేసి కొత్త రూపంలోకి తెచ్చే హక్కు సెక్షన్ 14 కింద హక్కుదారువే. కంప్యూటర్‌లో భద్రపరచడం కూడా నకలు కిందికే వస్తుంది. కాబట్టి కాపీరైటు మీ చేతిలో ఉన్నంతవరకు, ఎదుటివారు చేసిన మార్పు మంచిదా చెడ్డదా అన్న చర్చే అవసరం లేదు. మీ అనుమతి లేకుండా మార్చి వాడారంటే, చట్టం ఇచ్చిన మినహాయింపుల్లోకి వస్తే తప్ప అది ఉల్లంఘనే.

దీనికి పక్కనే సెక్షన్ 57 అని ఇంకొకటి ఉంది. చాలామంది చిత్రకారులు దీని పేరే విని ఉండరు. కాపీరైటును పూర్తిగా అమ్మేసిన తరువాత కూడా రెండు హక్కులు కర్త దగ్గరే ఉంటాయని ఈ సెక్షన్ చెబుతుంది. ఆ కృతి తనదేనని చెప్పుకునే హక్కు మొదటిది. తన గౌరవానికి లేదా ప్రతిష్ఠకు భంగం కలిగించేలా దాన్ని వక్రీకరించినా, ఛిద్రం చేసినా, మార్చినా అడ్డుకుని నష్టపరిహారం కోరే హక్కు రెండవది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన భారీ కాంస్య కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గిడ్డంగిలో పడేశారు. ఆ క్రమంలో అది దెబ్బతిన్నది. శిల్పం ప్రభుత్వ ఆస్తి అయినప్పటికీ, దాన్ని అలా పాడుచేయడం శిల్పి హక్కుకు భంగమేనని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పునిచ్చి, మిగిలిన భాగాలను ఆయనకు తిరిగి ఇవ్వాలనీ, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలనీ ఆదేశించింది. పారితోషికం పుచ్చుకుని వేసిన ముఖచిత్రాన్ని ప్రచురణకర్త చిత్తం వచ్చినట్టు చెడగొట్టినప్పుడు ‘డబ్బిచ్చాం కదా’ అనే మాటకు జవాబు ఇక్కడ దొరుకుతుంది.

అయితే ఈ హక్కుకు హద్దులున్నాయి. ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017లో కూల్చివేసినప్పుడు వాస్తుశిల్పి రాజ్ రేవల్ ఇదే సెక్షన్ కింద కోర్టుకు వెళ్లారు. భవన యజమాని భవనాన్ని పూర్తిగా కూల్చకుండా ఆపే అధికారం వాస్తుశిల్పికి లేదని 2019లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. మీ కృతిని ప్రదర్శించలేదనో, మీకు నచ్చిన చోట పెట్టలేదనో కూడా ఈ సెక్షన్ కింద ఫిర్యాదు చేయలేరు. ప్రతి చిన్న మార్పూ ప్రతిష్ఠాభంగం కాదు: బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చడం వేరు, పిల్లల కథకు వేసిన బొమ్మను మద్యం దుకాణం ప్రకటనకు వాడడం వేరు. అందుకని కాపీరైటును మీ దగ్గరే ఉంచుకుని దానితోనే పోరాడడం మొదటి మార్గం. అది చేజారిపోయినప్పుడు మిగిలే ఆసరాగా మాత్రమే సెక్షన్ 57ను లెక్కలోకి తీసుకోవడం మంచిది.

అసలు ఆ హక్కు మీదేనా?

ఎక్కువ మంది ఇక్కడే దెబ్బ తింటారు. ఉద్యోగంలో భాగంగా వేసిన బొమ్మకు, వేరే ఒప్పందం లేకపోతే, సెక్షన్ 17 ప్రకారం యాజమాన్యమే తొలి హక్కుదారు. అంతేకాదు, ఒకరు కోరగా ప్రతిఫలం తీసుకుని తీసిన ఫోటోకు, గీసిన చిత్తరువుకు కూడా వేరే ఒప్పందం లేకపోతే కోరినవారే తొలి హక్కుదారులు అవుతారు. పెళ్లి ఫోటోలు తీసినవారు వాటిని తమ ప్రచారానికి వాడుకుంటూ ‘తీసింది నేనే కదా’ అనుకోవడం పరిపాటే గాని, ఆ వాదన నిలవదు. తీసినవారికి ఆ హక్కు కావాలంటే, అడ్వాన్సు తీసుకునే రోజునే ఆ మాట రాయించుకోవాలి.

రాతపూర్వకంగా హక్కు బదిలీ చేస్తున్నప్పుడు సెక్షన్ 19ను దగ్గర పెట్టుకుని చదవండి. ఎన్నేళ్లకు బదిలీ చేస్తున్నారో రాయకపోతే ఐదేళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం భావిస్తుంది. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేని పక్షంలో, అది రద్దయిపోతుంది. ప్రచురణ సంస్థలు పంపే ఒప్పంద పత్రాల్లో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో’ అని ఉండేది ఈ రక్షణలను దాటడానికే. ఆ వాక్యాన్ని కొట్టేసి, ‘ఈ పుస్తకం మొదటి ముద్రణ ముఖచిత్రంగాను, దాని ప్రచారానికి అవసరమైన పోస్టర్లలోను’ అని రాయమని అడగడంలో తప్పేమీ లేదు. చాలా సందర్భాల్లో అవతలివారు ఆ పాత నమూనాను తామే చదవకుండా పంపి ఉంటారు కూడా.

చిన్న పనులకు ఒప్పంద పత్రం దాకా వెళ్లడం కుదరదు. అప్పుడు ఈమెయిల్‌లో ఈ మాత్రం రాసి, అవతలివారి నుంచి ‘సరే’ అనే జవాబు తెప్పించుకోండి: ‘ఈ బొమ్మ కాపీరైటు నాదే. మీ పత్రిక మార్చి సంచికలోను, అదే సంచిక ఆన్‌లైన్ ప్రతిలోను వాడుకోవడానికి అనుమతి ఇస్తున్నాను. పేజీకి సరిపడేలా పరిమాణం మార్చుకోవచ్చు. కత్తిరించడం, రంగులు మార్చడం, బొమ్మపై అక్షరాలు వేయడం చేయాలంటే ముందుగా నాకు చూపించాలి. బొమ్మ పక్కన నా పేరు వేయాలి. ఏఐ పరికరాలకు ఈ ఫైలు ఇవ్వకూడదు.’ ఇందులో అన్నిటికన్నా విలువైనది ‘ముందుగా నాకు చూపించాలి’ అనే మాట. పూర్తిగా వద్దంటే ఎడిటర్లు ఇబ్బంది పడతారు; చూపించమంటే మాత్రం సాధారణంగా ఒప్పుకుంటారు.

సంప్రదాయ కళల్లో పనిచేసేవారు ఇంకో తేడాను గమనించాలి. చేర్యాల పటంలోని ఎర్రటి నేపథ్యం, కలంకారీలోని కల్పవృక్షం వంటివి తరతరాల ఉమ్మడి సొత్తు. వాటిని ఎవరైనా వేసుకోవచ్చు. ఆ అంశాలతో మీరు స్వయంగా కూర్చిన పటం మాత్రం మీదే. చేర్యాల పటాలకు, శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉన్నమాట నిజమే గాని, ఆ గుర్తింపు పేరును తప్పుగా వాడి అమ్మేవారిని ఆపుతుందే తప్ప, ఒక కళాకారుడి ఫలానా పటాన్ని స్కాన్ చేసి ఫోన్ కవర్ల మీద వేసేవారిని ఆపదు. దానికి కాపీరైటే దిక్కు. చీరల మీదికి, వస్తువుల మీదికి వెళ్లే డిజైన్లకు ఒక చిక్కు ఉంది: డిజైన్ల చట్టం 2000 కింద రిజిస్టర్ చేయదగిన డిజైన్‌ను రిజిస్టర్ చేయకుండా, హక్కుదారు గానీ వారి అనుమతితో వేరొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి వస్తువులపై వేస్తే, దానిపై కాపీరైటు పోతుంది. డిజైన్ రిజిస్ట్రేషన్‌కు అది కొత్తదై ఉండాలి కాబట్టి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన తరువాత కాకుండా పెట్టకముందే దరఖాస్తు చేయాలి.

ఎంతవరకు వదిలిపెడతారో రాసి పెట్టండి

ప్రతి బొమ్మకూ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఉన్నదున్నట్టు పంచుకోవచ్చా? మార్చవచ్చా? డబ్బు సంపాదనకు వాడవచ్చా? మూడింటికీ ‘కూడదు’ అనే జవాబైతే ‘సర్వహక్కులు నావి’ అంటే చాలు. కొన్నిటికి ‘సరే’ అనుకుంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు, అంటే ఎవరైనా తమ కృతులకు ఎంచుకోగల సిద్ధమైన అనుమతి పత్రాలు ఉన్నాయి. 2002లో మొదలైన ఈ లైసెన్సుల ప్రస్తుత రూపం 4.0. ఇవి ఆరు రకాలు. పేరు చెప్పాలనే షరతు ఆరింటిలోనూ ఉంటుంది; వ్యాపారానికి కూడదు, మార్చిన రూపాన్ని పంచుకోకూడదు, మార్చినదాన్ని కూడా ఇదే లైసెన్సుతో పంచుకోవాలి అనే మిగతా షరతులను కలుపుకుంటూ మీకు కావలసినదాన్ని ఎంచుకోవచ్చు. మార్పులకు అనుమతించే లైసెన్సుల్లో కూడా, మార్చినవారు తాము మార్చామన్న సంగతి తెలియజేసి తీరాలి. ఈ నిబంధన వల్ల మార్చిన బొమ్మ మీ నెత్తిన పడదు.

ఈ లైసెన్సులు ఇచ్చే ముందు బాగా ఆలోచించుకోవాలి. ఒకసారి ఇచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సును వెనక్కి తీసుకోలేరు. మీ పేజీ నుంచి బొమ్మను తీసేసినా, అప్పటికే పొందినవారు షరతులు పాటిస్తున్నంతకాలం వాడుకుంటూనే ఉంటారు. షరతు తప్పినవారికి లైసెన్సు తనంతట తానే రద్దవుతుంది గాని, 4.0 రూపంలో తప్పు తెలిసిన 30 రోజుల్లోగా సరిదిద్దుకుంటే అది తిరిగి వస్తుంది. అంటే పేరు వేయడం మరిచినవారికి మీరు రాసే మొదటి ఉత్తరం తగువులా కాక, సరిదిద్దుకోమనే సూచనలా ఉండడమే సబబు. మార్పులు కూడదనే లైసెన్సు ఎంచుకున్నా ఎదుటివారు తమ ఇంట్లో, తమ కంప్యూటర్‌లో మార్చుకోవచ్చు. ఆ మార్చినదాన్ని బయటికి పంచుకోవడానికే వీల్లేదు. వ్యాపారానికి కూడదు అనే షరతు సరిహద్దుల దగ్గర మసకగా ఉంటుంది: ప్రకటనలు వచ్చే బ్లాగు వ్యాపారమా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

మన ఊళ్ల గుళ్లు, జాతరలు, వంటల ఫోటోలను తెలుగు వికీపీడియా కోసం వికీమీడియా కామన్స్ అనే ఉమ్మడి చిత్రాల భాండాగారంలోకి ఎక్కించే ఫోటోగ్రాఫర్లకు ఒక మాట. అక్కడ వ్యాపార వినియోగాన్ని, మార్పులను నిషేధించే లైసెన్సులను అంగీకరించరు. అంటే మీరు ఎక్కించిన కోటప్పకొండ ప్రభల ఫోటోను రేపు ఒక ట్రావెల్స్ కంపెనీ మీ పేరు వేసి, లైసెన్సు చెప్పి, బ్రోషర్‌లో అచ్చు వేసుకుంటే మీరు కాదనలేరు. అది ఇష్టమైతేనే ఎక్కించండి. మీ సంపాదనకు ఆధారమైన ఫోటోలను పక్కన ఉంచి, అందరికీ పనికివచ్చేవాటిని మాత్రమే అక్కడ ఇవ్వడం నా సలహా.

క్రియేటివ్ కామన్స్ నచ్చకపోతే సొంత మాటల్లోనే రాసుకోవచ్చు, తెలుగులోనే రాయవచ్చు. ‘ఈ బొమ్మను నా పేరుతో సహా, ఏ మార్పూ లేకుండా స్టేటస్‌లుగా, వ్యక్తిగత శుభాకాంక్షలుగా పంచుకోవచ్చు. ఫోటోలు, పేర్లు, పార్టీ గుర్తులు, దుకాణాల పేర్లు చేర్చకూడదు. ఫ్లెక్సీలకు, కరపత్రాలకు, అమ్మకానికి ముందుగా నన్ను అడగండి’ అని పోస్టు మొదటి వాక్యాల్లోనే ఉంటే చదివినవారిలో కొందరైనా అడుగుతారు. దీనివల్ల ఇంకో లాభమూ ఉంది. కాపీరైటు ఉందని తమకు తెలియదనీ, తెలుసుకునే అవకాశమూ లేదనీ ప్రతివాది రుజువు చేసుకుంటే సెక్షన్ 55 కింద మీకు నిషేధాజ్ఞ, లాభాల్లో వాటా తప్ప నష్టపరిహారం దక్కదు. పేరు, సంవత్సరం, షరతులు బొమ్మ దగ్గరే రాసి ఉంటే ఆ సాకు చెల్లదు.

ఫైలును సిద్ధం చేయడం

పొడవు వైపు 1200 పిక్సెళ్లకు మించకుండా పెట్టమని అందరూ చెబుతారు. 300 డీపీఐలో అది నాలుగు అంగుళాల ముద్రణకే సరిపోతుంది కాబట్టి పుస్తకాలకు, కేలండర్లకు దొంగిలించేవారిని కొంత ఆపుతుంది. ఫ్లెక్సీలను ఆపదు. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు గనుక తక్కువ రిజల్యూషన్‌తోనే పని గడిచిపోతుంది. పైగా చిన్న ఫైలును పెద్దది చేసే ఏఐ సాధనాలు ఇప్పుడు ప్రతి డిజైనర్ దగ్గరా ఉన్నాయి. కాబట్టి చిన్న ఫైలు మీద పూర్తిగా భరోసా పెట్టుకోకుండా, సంతకం చోటును మార్చండి. మూలన వేసిన సంతకం ఒక్క కత్తిరింపుతో పోతుంది. గంగిరెద్దు మీద కప్పిన బట్ట అంచులోనో, ముగ్గు గీతల మధ్యనో, కుండ మెడ చుట్టూనో బొమ్మలో కలిసిపోయేలా పేరు రాస్తే, దాన్ని తీయాలంటే ఆ భాగాన్ని మళ్లీ గీయవలసి వస్తుంది. బొమ్మంతటా అడ్డంగా వేసే వాటర్‌మార్కు చూసేవారికే ఎక్కువ బాధ. అమ్మకానికి పెట్టిన బొమ్మల నమూనాలకు తప్ప దాన్ని నేను సిఫారసు చేయను.

ఫైలు లోపల కనిపించని సమాచారాన్ని కూడా నింపండి. ఫోటో ఫైలులో వివరాలు రాయడానికి వాడే ఐపీటీసీ అనే ప్రమాణంలో కర్త పేరు, కాపీరైటు ప్రకటన, షరతులు ఉన్న పేజీ చిరునామా, లైసెన్సు ఎక్కడ దొరుకుతుందో తెలిపే చిరునామా అనే గడులుంటాయి. ఫోటోషాప్, లైట్‌రూమ్‌లలోనే కాక, ఉచితంగా దొరికే డిజికామ్, ఎక్సిఫ్‌టూల్‌లలోనూ వీటిని నింపవచ్చు. ఈ గడులు నింపిన బొమ్మలకు గూగుల్ బొమ్మల వెతుకులాటలో ‘లైసెన్సు లభ్యం’ అనే గుర్తు 2020 నుంచి కనిపిస్తోంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఈ సమాచారం ఎగిరిపోతుంది. క్లయింటుకు పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి. హక్కుల సమాచారాన్ని కావాలని తొలగించడం సెక్షన్ 65బి కింద నేరం, రెండేళ్ల వరకు శిక్ష పడవచ్చు. సంతకం కత్తిరించినవారికి రాసే ఉత్తరంలో ఈ సెక్షన్ ప్రస్తావిస్తే అవతలి స్వరం మారుతుంది.

పొరలున్న అసలు ఫైలును, పెన్సిల్ గీతలను, మధ్య దశల చిత్రాలను ఎవరికీ ఇవ్వకుండా తేదీలతో భద్రపరచుకోండి. పీఎస్‌డీ (ఫోటోషాప్‌లో పొరలతో ఉండే ఫైలు) ఒకసారి ఫ్లెక్సీ షాపుల గ్రూపుల్లో పడిందంటే దాన్ని వెనక్కి తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. ముఖ్యమైన బొమ్మలను కాపీరైటు కార్యాలయంలో రిజిస్టర్ చేయించడం మంచిది: కళాకృతికి రుసుము 500 రూపాయలు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, అభ్యంతరాల కోసం 30 రోజుల నిరీక్షణ ఉంటుంది. ఆ రిజిస్టర్‌లోని నమోదును కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. వేసే ప్రతి బొమ్మకూ ఆ ఖర్చు అక్కరలేదు. పేరు తెచ్చినవి, డబ్బు తెచ్చేవి చాలు.

వేదికలు, ఏఐ

బొమ్మను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినప్పుడు దాని యాజమాన్యం మీ దగ్గరే ఉంటుంది గాని, దాన్ని వాడడానికి, మార్చడానికి, దాని నుంచి కొత్త రూపాలు తయారు చేయడానికి, ఈ అనుమతిని ఇతరులకు బదిలీ చేయడానికి కూడా ఉచిత లైసెన్సును ఆ సంస్థకు ఇస్తున్నట్టే లెక్క. ఇది సంస్థకు ఇచ్చే అనుమతి మాత్రమే. పక్క పేజీ నడిపేవాడు మీ బొమ్మను దించుకుని రంగులు మార్చడానికి ఇది పనికిరాదు. సెట్టింగుల్లో మాత్రం కొన్ని తలుపులు మూసుకోవచ్చు: మీ పోస్టును ఇతరులు తమ స్టోరీల్లో చేర్చడం, వెబ్ పేజీల్లో పొదగడం, రీల్‌ను దించుకోవడం, మీ రీల్‌ను తమదానితో కలిపి రీమిక్స్ చేయడం అనేవాటికి విడివిడిగా మీటలున్నాయి. యూట్యూబ్‌లో పెద్ద వీడియోలకు రీమిక్స్‌ను ఆపే ఎంపిక వీడియో వివరాల్లో ఉంటుంది. ఈ మీటల చోటు తరచూ మారుతుంటుంది కాబట్టి అప్పుడప్పుడు చూసుకోవాలి.

ఏఐ సంగతికి వస్తే మన చేతిలో ఉన్నది తక్కువే. శిక్షణకు కాపీరైటు కృతులను వాడవచ్చా అనే ప్రశ్న 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తా సంస్థ ఓపెన్ఏఐపై వేసిన దావా ద్వారా ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చింది. సొంత వెబ్‌సైటు ఉన్నవారు రోబోట్స్ ఫైలులో (సైటును చదవడానికి వచ్చే యంత్రాలకు సూచనలుండే ఫైలు) ఏఐ సంస్థలు వాడే జీపీటీబాట్, గూగుల్ ఎక్స్‌టెండెడ్, సీసీబాట్ పేర్లు రాసి రావద్దని చెప్పవచ్చు. మాట వినే యంత్రాలు ఆగుతాయి, విననివి ఆగవు. షికాగో విశ్వవిద్యాలయం 2023లో విడుదల చేసిన గ్లేజ్ అనే ఉచిత సాధనం, కంటికి పెద్దగా కనిపించని మార్పులు చేసి శైలిని అనుకరించడం కష్టం చేస్తుంది. అది కూడా సంపూర్ణ రక్షణ కాదని దాన్ని తయారు చేసినవారే చెబుతున్నారు.

దొరికినప్పుడు చేయవలసినవి

గూగుల్ లెన్స్‌లోను, టిన్‌ఐలోను మీ బొమ్మను అప్పుడప్పుడు వెతకండి. దొరికిన వెంటనే కామెంటు పెట్టి నిలదీయాలనిపిస్తుంది. పెడితే వారు పోస్టు తీసేస్తారు, సాక్ష్యమూ దానితో పోతుంది. కాబట్టి మొదట సాక్ష్యం. చిరునామా పట్టీ, తేదీ కనిపించేలా కంప్యూటర్‌లో స్క్రీన్‌షాట్ తీయండి, పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరచండి, వారి ఫైలును దించుకోండి. ఫ్లెక్సీ అయితే చుట్టూ ఉన్న కూడలి కనిపించేలా ఒక ఫోటో, అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ప్రింటింగు షాపు పేరు కనిపించేలా మరొకటి తీయండి. విషయం కోర్టుకు వెళితే భారతీయ సాక్ష్య అధినియమం 2023లోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఫైలు హ్యాష్ విలువను, అంటే ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్యను, రాయవలసి ఉంటుంది గనుక, దించుకున్న ఫైలును తెరిచి మళ్లీ సేవ్ చేయకుండా అలాగే ఉంచండి.

తరువాత, ఇది నిజంగా ఉల్లంఘనేనా అని ఆలోచించండి. సెక్షన్ 52 కింద సొంత అధ్యయనానికి, విమర్శకు, సమీక్షకు, వర్తమాన వార్తలు చెప్పడానికి చేసే న్యాయమైన వినియోగానికి మీ అనుమతి అక్కరలేదు. మీ బొమ్మ బాగోలేదని రాస్తూ దాన్ని చూపించిన సమీక్షకుడిని కాపీరైటు పేరుతో తొలగించబోతే పరువు పోయేది మీకే. కూడలిలో శాశ్వతంగా నిలిపిన విగ్రహాన్ని ఎవరైనా ఫోటో తీసి ప్రచురించడాన్ని కూడా శిల్పి ఆపలేరు. ఆధారం లేని బెదిరింపులకు గురైనవారు సెక్షన్ 60 కింద ఎదురు దావా వేయవచ్చని మరవకండి.

ఉల్లంఘనే అని తేలితే, చిన్న పేజీలకు, స్థానిక దుకాణాలకు ముందుగా ఒక ఉత్తరం సరిపోతుంది. ‘నమస్కారమండీ. జనవరి 12న మీ పేజీలో పెట్టిన శుభాకాంక్షల చిత్రంలో ఉన్నది నేను వేసిన బొమ్మ; అసలు పోస్టు లంకె ఇస్తున్నాను. అందులో నా సంతకం తీసేసి, ఆకాశం రంగు మార్చి, మీ దుకాణం పేరు చేర్చారు. ఈ మార్పులకు నేను అనుమతి ఇవ్వలేదు. రేపు సాయంత్రంలోగా ఆ పోస్టు తీసేయగలరు. మార్చని బొమ్మను నా పేరుతో పెట్టుకోవాలనుకుంటే అభ్యంతరం లేదు, ఫైలు నేనే పంపుతాను.’ ఏమి చేశారో, ఏది కూడదో, ఎప్పటికి ఏమి కావాలో ఇందులో స్పష్టంగా ఉంది. చివరి వాక్యం అవతలివారికి గౌరవంగా బయటపడే దారి చూపుతుంది. ఫ్లెక్సీ విషయంలో నాయకుడి అనుచరులతో పెట్టుకోవడం కన్నా షాపుకు ఫోన్ చేయడం ఫలిస్తుంది, ఎందుకంటే ఆ ఫైలు రేపు ఇంకో ఫ్లెక్సీకి వెళ్లేది అక్కడి నుంచే.

జవాబు రాకపోతే వేదికకు ఫిర్యాదు చేయాలి. అమెరికా 1998లో చేసిన డీఎంసీఏ అనే డిజిటల్ కాపీరైటు చట్టాన్ని అనుసరించి పెద్ద వేదికలన్నీ ఫిర్యాదు ఫారాలు పెట్టాయి. అసలు బొమ్మ చిరునామా, ఉల్లంఘించిన ప్రతి పోస్టు చిరునామా విడివిడిగా ఇచ్చి, నిజమే చెబుతున్నానని ప్రకటించి సంతకం చేయాలి. ‘ఆ పేజీ నిండా నా బొమ్మలే’ అని రాస్తే ఎవరూ కదలరు; మన దేశంలోనూ మైస్పేస్ అనే సోషల్ మీడియా వేదికపై వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు నిర్దిష్టమైన సమాచారం ఇవ్వాలనే చెప్పింది. అవతలివారు ప్రతినోటీసు ఇస్తే, మీరు కోర్టుకు వెళ్లకపోతే, 10 నుంచి 14 పనిదినాల్లో పోస్టు తిరిగి రావచ్చు. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు స్ట్రైకులు (ఉల్లంఘనకు పడే హెచ్చరికలు) పడితే ఛానలే పోతుంది కాబట్టి, ఏడు రోజుల గడువిచ్చి తొలగింపు కోరే ఎంపికను ముందు వాడడం మర్యాద. భారతీయ నిబంధనల ప్రకారం, అంటే కాపీరైటు నిబంధనలు 2013లోని 75వ నిబంధన కింద, ఫిర్యాదు సబబని తోచిన వేదిక 36 గంటల్లో ఆ బొమ్మను అందకుండా చేయాలి; అయితే 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తెచ్చి చూపకపోతే తిరిగి పెట్టేయవచ్చు. కోర్టుకు వెళ్లే ఉద్దేశం లేనివారికి వేదిక పెట్టిన ఫారమే సులువు.

కోర్టు దాకా వెళ్లవలసి వస్తే, సెక్షన్ 62 మీరు నివసించే చోటి జిల్లా కోర్టులోనే దావా వేసుకునే వెసులుబాటు ఇస్తుంది. దొంగిలించిన సంస్థ ముంబైలో ఉన్నా మీరు రాజమహేంద్రవరంలోనే వేయవచ్చు. వ్యాపార వివాదంగా వెళ్లే దావాలో అత్యవసర నిషేధాజ్ఞ కోరకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లవలసి ఉంటుంది. తెలిసి చేసిన ఉల్లంఘనకు కాపీరైటు చట్టంలోని సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. ఇది పోలీసులు వారెంటు లేకుండానే చర్య తీసుకోగల నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మకం కోసం గుంపగుత్తగా బొమ్మలు దొంగిలించేవారికి తప్ప ఈ దారిని వాడవద్దనే అంటాను.

చాలా తగవులు అంతదాకా పోకుండా రాజీతో ముగుస్తాయి. రాజీలో డబ్బు ఒక్కటే అడిగి ఊరుకోకండి. మార్చిన ఫైళ్లన్నిటినీ తీసేశామని, ఎవరెవరికి పంపారో వారికీ చెప్పామని రాతలో తీసుకోండి. అదే పేజీలో బొమ్మ ఎవరిదో తెలిపే ఒక సవరణ పోస్టు, అది కనీసం ఎన్నాళ్లు ఉండాలో తేదీతో సహా రాయించండి. జరిగిన వాడకానికి ఇచ్చిన డబ్బు ముందుముందు వాడకానికి లైసెన్సు కాదనే వాక్యాన్ని తప్పకుండా చేర్చండి.